మధ్యలో ఆగే పాట

"ఫైలు పాడైనట్టుంది మేష్టారూ. మళ్ళీ ఆగిపోయింది," అన్నాడు మైకు ఆపరేటరు.

చర్చిలో ముందు బెంచీ తప్ప అన్నీ ఖాళీగా ఉన్నాయి. ఇంకో గంటలో మేష్టారి అన్నగారి శవపేటిక వస్తుంది. స్పీకర్లోంచి అన్న ట్రంపెట్ కాసేపు మోగి, ఠక్కున ఆగి, మళ్ళీ అందుకుంది.

"పాడవలేదు బాబూ, ఆయనే అలా వాయించారు," అంది ముందు బెంచీలో కూర్చున్న వదిన. "ఆఖరి రెండేళ్ళూ ఇంతే. బాగానే ఎత్తుకునేవారు. అంతలోనే ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. డాక్టరు మతిమరుపన్నాడు. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మాత్రం నాకంటే ఆయనకే బాగా గుర్తుండేది. ఈ పాట రికార్డు చేయించి, తను పోయాక చర్చిలో వేయించమన్నారు. అడిగింది అదొక్కటే."

మేష్టారు తల దించుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ చర్చిలో పియానో, పాటల బృందం ఆయన చేతిలోనే ఉన్నాయి. అంతకుముందు ఆ పని అన్నదమ్ములిద్దరిదీ. ఆదివారం పొద్దున చర్చి, శనివారం సాయంత్రం హోటల్లో జాజ్. ఇద్దరూ కలిసి కట్టిన పాట ఇదే. చర్చిలో బుద్ధిగా వాయించేవారు. హోటల్లో మాత్రం ఒకరు ఆగగానే ఇంకొకరు అందుకుని, మాటకి మాట అప్పజెప్పుకున్నట్టు ఒకరి మీద ఒకరు ఎగబడేవారు.

"ఇంట్లో నోరు విప్పరు గానీ, ఇక్కడ వంతులేసుకుని పోట్లాడుకుంటారు," అని వదిన నవ్వేది.

ఒకరోజు సంఘం పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి, చర్చో హోటలో తేల్చుకోమన్నారు.

"రెండూ ఒకే సంగీతం," అన్నాడు అన్న.

"ఆ పాటలతో నాకు సంబంధం లేదండీ. అన్నయ్య లాక్కెళితే వెళ్ళాను," అన్నాడు తమ్ముడు.

అన్న మీదకి నెట్టిన ఆ రెండో మాట అక్కర్లేదు. జీతం పోతుందన్న భయంలో నోరు జారాడు. అన్న ట్రంపెట్ పెట్టె మూసి వెళ్ళిపోయాడు. తర్వాత ఎన్నిసార్లు ఆ ఇంటి మెట్ల దాకా వెళ్ళినా తలుపు తట్టడానికి మేష్టారికి మొహం చెల్లలేదు.

"వదినా, అన్నయ్య ఎప్పుడైనా నా మాట ఎత్తేవాడా?"

వదినకి అబద్ధాలు చేతకావు. "లేదయ్యా. ఒక్కసారీ ఎత్తలేదు."

"తిట్టనైనా లేదా?"

"ఊహూఁ."

తిట్టినా బాగుండేదనిపించింది మేష్టారికి. అన్న అన్నిటికంటే ముందు మరిచిపోయింది తననే కాబోలు.

"ఐదు నిమిషాలివ్వండి మేష్టారూ," అన్నాడు ఆపరేటరు. "ఖాళీలన్నీ కత్తిరించి అతికించేస్తా. జనం నవ్వుకోకుండా ఉంటుంది. వాటి మధ్యలో టక్ టక్‌మని ఏదో చప్పుడుంది, అదీ తీసేస్తా."

"ఏం చప్పుడు?"

ఆపరేటరు సౌండు పెంచాడు. ట్రంపెట్ ఆగగానే టక్, టక్, టక్. బూటు మడమ నేలకి తగులుతున్న చప్పుడు. తొందర లేదు, తడబాటు లేదు. మేష్టారి వేళ్ళు అలవాటుగా లెక్కపెట్టాయి. మొదటి ఖాళీలో పదహారు. రెండోదాంట్లో పదహారే. మూడోదాంట్లోనూ అంతే.

"కత్తిరించమంటారా?"

"వద్దు. మొదట్నుంచి పెట్టు."

"మళ్ళీ ఆగుతుందండీ!"

"ఆగనీ."

మేష్టారు వెళ్ళి పియానో ముందు కూర్చుని మూత తీశాడు. వదిన ఏమీ అర్థంకాక లేచి నిలబడింది. స్పీకర్లో ట్రంపెట్ పాట ఎత్తుకుంది, కాసేపు మోగింది, ఠక్కున ఆగింది. మడమ చప్పుడు మొదలైంది.

అన్న ఆగింది తమ్ముడి వంతు వచ్చిందని.