టూకానో తెచ్చినవాడు

జుల్మీరా కర్రపెండలం పిండి వేయిస్తుంటే రేవులో తెడ్డు చప్పుడైంది.

అడెల్సనేమోనని పరుగెత్తింది. ఆకాశమెత్తు చెట్ల మీంచి బండల్లా రాలే కస్తాన్యా కాయలు ఏరడానికి ఒంటరిగా ఎగువ అడవికి వెళ్ళిన మొగుడు, వానలు తగ్గినా తిరిగి రాలేదు.

అడెల్సన్ కాదు. ఎవరో ఎగువ గూడెం ముసలివాడు. ఒంటి నిండా ఎర్రరంగు పూత. చేతుల్లో టూకానో పిట్ట. నల్లటి ఒళ్ళు, తెల్లటి గొంతు, ఒంటికి మించిన ముక్కు.

పిట్టను ఆమె చేతిలో పెట్టబోతూ ఏదో చెప్పాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"పిట్టలు కొనం. పో!"

వాడు పోలేదు. గుమ్మంలో నిలబడ్డ ఆమె చిన్న కూతురు నిల్జాను చూపించాడు. పిట్టను చూపించాడు. నవ్వాడు. తర్వాత ఏటి ఎగువకు చెయ్యి చాపి, జుల్మీరా మణికట్టు పట్టుకుని పడవ వైపు లాగాడు.

ఆమె కెవ్వుమంది.

అన్న జెనివాల్ తెడ్డు పట్టుకుని దూకాడు.

"పిట్టనిచ్చి మా చెల్లిని ఎత్తుకుపోదామనుకున్నావురా, అడవి వెధవా!"

తెడ్డు భుజం మీద పడింది. పిట్ట చెయ్యి జారి ఎగిరిపోయింది. ముసలివాడు ఎదురు తిరగలేదు. అవతలి గట్టున పడవ కట్టి, పొద్దు వాలేదాకా ఆమెను పిలుస్తూనే ఉన్నాడు.

జుల్మీరా తలుపేసుకుంది.

ఏటి వరద బాగా తీశాక మందుల పడవ వచ్చింది. నర్సు కిటేరియాకు ఎగువ గూడేల భాష వచ్చు.

"ఎందుకు రాలేదే జుల్మీరా?"

"ఎక్కడికక్కా?"

"నీ మొగుడి దగ్గరికి. కాయ మెడ మీద పడి ఒళ్ళంతా చచ్చుబడింది. ఆ ముసలాయనే మోసుకెళ్ళి గుడిసెలో పెట్టుకున్నాడు. నమిలి మెత్తగా చేసి తినిపించాడు. పిల్లకు టూకానో తెస్తానని మాటిచ్చానని నీ మొగుడన్నది, మన మాట కాస్త వచ్చిన గూడెం అవ్వ చెబితే పట్టుకొచ్చాడు. నిన్ను చూడాలని ఏడిస్తే, నీకోసం అంత దూరం తెడ్డేసుకుంటూ వచ్చాడు."

జుల్మీరా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడెట్టా ఉన్నాడక్కా?"

"తనను గూడెం రేవు వైపు తిప్పి పడుకోబెట్టమనేవాడట. ముసలాయన ఒక్కడే తిరిగి రావడం చూశాడు. ఆ రోజే పోయాడు."

జుల్మీరా నిల్జాను దగ్గరికి లాక్కుంది.

మెట్ల మీద కూర్చున్న జెనివాల్ తలెత్తలేదు.

"ఏమవుతామని ఆయనకి మేం? మావాడికెందుకు అంత చేశాడు?"

"నేనూ అదే అడిగాను. ఆయన ఏం చెప్పలేదు. గూడెంవాళ్ళు చెప్పారు."

కిటేరియా మందుల పెట్టె మూసింది.

"పోయినేడు కాయల అడవిలో మీ జట్టు కాల్చి చంపిన కుర్రాడు, ఆయన కొడుకేనట."