గడ్డ చుట్టూ దండు

మదనపల్లె మిషనాసుపత్రి ల్యాబులో ఆ రాత్రి డాక్టర్ జయశీల ఒక్కతే ఉంది. మైక్రోస్కోపు కింద, సోమల ఊరి రైతు మునిస్వామి పెద్దపేగు గడ్డలోంచి తీసిన చిన్న ముక్క. ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో బిగించి, పల్చగా కోసి రంగులద్దిన ముక్కలో ప్రాణమన్నది ఉండదు.

గడ్డ ముదిరిపోయిందని సర్జన్ ఆశ వదిలేశాడు. కానీ క్యాన్సర్ కణాల చుట్టూ తెల్ల రక్తకణాలు రంగు పట్టి నీలి చుక్కల్లా, కోటను ముట్టడించిన దండులా నిలబడ్డాయి. కొందరి ఒంట్లో ఈ కాపలావాళ్లే శత్రువుతో చేతులు కలిపి గడ్డను పెంచుతారు. వీళ్లు అలాంటివాళ్లు కారు.

"ఎంత మొనగాళ్లు!" అనుకుంది.

కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ కన్ను ఆనించింది.

స్లైడు ఉన్నచోటే ఉంది. దండు మాత్రం గడ్డ లోపలికి వచ్చేసింది.

ఆమె ఫోకస్ సరిచేసి మళ్లీ చూసింది. అంతలో తలుపు దబదబా మోగింది. వార్డులోంచి పరుగెత్తుకొచ్చిన మునిస్వామి భార్య సుశీలమ్మ.

"డాక్టరమ్మా, మా ఆయప్పకి ఉన్నట్టుండి జొరమొచ్చేసింది. ఒళ్లు పెనం మాదిరి కాలతాండాది. కడుపులో ఎవురో నడస్తాండారంటాడు. తడిగుడ్డ ఏసేదా?"

జయశీల మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు. నీలి చుక్కలు ఇంకా లోలోపలికి పోతున్నాయి.

"వద్దమ్మా," అంది మెల్లగా. "కాసేపు కాలనివ్వు."