మాట ఆగేదాకా

భానుమూర్తి, జబ్బుపడ్డ తన అక్క కామేశ్వరి మంచం పక్కనే కూర్చుని తుఫాను సహాయకేంద్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. వెనకటి పద్ధతిలో సాయం కోసం పిలిచినవారికి ఒక మనిషి మనసంతా దక్కేది. మిగిలినవారు వరుసలో వేచి ఉండేవారు. ఇప్పుడు యంత్రంతో ఒకే మనసును వందల సన్నని పోగులుగా విడదీసి అందరికీ పంచుతున్నారు. ఒకరు మాట ఆపగానే ఆ పోగు మరొకరి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఇంట్లోవాళ్ళకు దక్కేదీ అలాంటి ఒక పోగే.

అందుకే కామేశ్వరి మాట ఆపేది కాదు. మాట్లాడవద్దని డాక్టరు చెప్పినా, ఆయాసపడుతూనే చింతకాయ పచ్చడి గురించీ, ఎదురింటివారి కోడలి గురించీ చెబుతూనే ఉండేది.

"ఊపిరి అందడం లేదు. కాసేపు ఊరుకో అక్కా."

"ఊరుకుంటే నువ్వుంటావేంట్రా? గుడ్లప్పగించి బొమ్మలా కూర్చుంటావు."

"ఈ పూటకు మనసంతా ఇంటికి వదలమని కేంద్రంవాళ్ళను అడుగుతాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

"మరి అవతలివాళ్ళో?"

"వరుసలో ఉంటారు."

"లంకల్లో నీళ్ళెక్కడిదాకా వచ్చాయిరా?"

"ఇళ్ళకప్పుల దాకా."

కామేశ్వరి తమ్ముడి ముఖంకేసి చూసింది. "వాళ్ళనేమీ అడగకు. నాకింక చెప్పాల్సిన కబుర్లు కూడా లేవు," అని పెదవులు బిగించింది.

అతని చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. అతని చూపు మాత్రం శూన్యంలో నిలిచిపోయింది. "భయపడకమ్మా, పిల్లను గట్టిగా పట్టుకో, పడవ వస్తోంది," అని ఎవరికో చెబుతున్నాడు.

కామేశ్వరికి దగ్గు తెర ముంచుకొచ్చింది. చప్పుడైతే తమ్ముడు తిరిగి వచ్చేస్తాడని చీరకొంగును నోటికి అదుముకుంది.