తప్పయిపోయిందని చెప్పెయ్

వ్యాను నడిపే కొడుకును పొద్దున్నే పోలీసులు తీసుకుపోయారని తెలిసి, ఆ తల్లి చెప్పులైనా వేసుకోకుండా స్టేషనుకు పరుగెత్తింది.

కాలేజీ నుంచి వస్తున్న పిల్లను ఎవరో వ్యానుతో గుద్ది చంపి, ఆగకుండా పోయారట. అది తెల్ల వ్యానట. కొడుకు నడిపేదీ తెల్ల వ్యానే.

ఆమెకు అప్పుడే ఉరితాడు కళ్ల ముందు ఊగింది.

వరండాలో బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. తల దువ్వుకోలేదు. ఒళ్లో మూత తీయని నీళ్ల సీసా.

“వ్యాను రంగు తప్ప వీళ్ల దగ్గర ఇంకే సాక్ష్యం లేదమ్మా. లాయరు వచ్చేదాకా నోరు విప్పొద్దని, అది అతని హక్కని, లోపలికి తీసుకెళ్తుంటే మీ అబ్బాయికి చెప్పాను. మీరూ అదే చెప్పండి,” అంది.

ముక్కూ మొహం తెలియని మనిషి పెత్తనం చూసి తల్లికి ఒళ్లు మండింది.

లోపల ఇన్‌స్పెక్టరు చిందులు తొక్కుతున్నాడు. ప్రతివాడికీ హక్కులూ లాయర్లూ అంటూ కూర్చుంటే ఇక తాము నేరస్థులను పట్టినట్టేనన్నాడు. ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుందనీ, మొండికేస్తే తన చేతుల్లో ఉండదనీ చెప్పాడు.

“అయినా తప్పు చేయనివాడికి లాయరెందుకమ్మా?”

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

చిన్నప్పటి నుంచీ వీధిలో ఏ తగువొచ్చినా, తప్పెవరిదైనా, కొడుకు చేతే క్షమాపణ చెప్పించి ఇంటికి లాక్కొచ్చేది. ఇప్పుడూ అదే చేసింది.

“తప్పయిపోయిందని చెప్పెయ్ నాన్నా. ఇంటికి పోదాం.”

“నేను కాదమ్మా.”

“నాకు తెలుసురా. అయినా చెప్పెయ్.”

వాడు చెప్పేశాడు. వాణ్ణి ఇంటికి పంపలేదు.

బయటికొచ్చి ఆమె బెంచీ మీదావిడ మీద విరుచుకుపడింది. ముందే ఒప్పుకోనిచ్చి ఉంటే ఈపాటికి వదిలేసేవాళ్లని తిట్టిపోసింది.

“మీదేం పోయిందని నా కొడుకు జోలికొచ్చారు?”



“ఒప్పుకున్నాడా?” అని అడిగింది ఆవిడ. చేతిలో సీసా నలిగిపోయింది. “అయితే ఇక వీళ్లు ఇంకెవర్నీ వెతకరు.”

అన్నట్టే, ఎవర్నీ వెతకలేదు.

కోర్టులో కొడుకు బోనులో తల వంచుకుని నిలబడ్డాడు. చనిపోయిన పిల్ల తాలూకు వాళ్లెవరని జడ్జి అడిగాడు.

వెనక వరుసలోంచి లేచింది ఆ బెంచీ మీదావిడే.

“ఒప్పుకున్నవాణ్ణి నేనేం చేసుకోను?” అందావిడ, కళ్లు ఇన్‌స్పెక్టరు మీంచి తిప్పకుండా. “నాకు నా కూతుర్ని చంపినవాడు కావాలి.”