ఏ రంగైనా ఫరవాలేదు

“తెల్ల రంగయితే వచ్చే నెలకల్లా ఇప్పిస్తాను సార్. ఎరుపంటే మాత్రం ఎప్పుడొస్తుందో మాటివ్వలేను,” అన్నాడు సేల్స్‌మన్.

“అయితే ఎరుపే ఇవ్వండి,” అన్నాడు ఎదురుగా కూర్చున్నాయన. లేచి తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. “మా ఆవిడకు మాత్రం చెప్పకండి.”

షోరూమ్‌లో ఆ సేల్స్‌మన్‌ను అందరూ బుజ్జగింపుల బాబు అంటారు. కోపంతో ఊగిపోతూ వచ్చినవాణ్ణి కూడా నవ్విస్తూ బయటికి పంపగలడని పేరు. ఈ మధ్య ఆ పేరు నిలబెట్టుకోవడానికి అతని తల ప్రాణం తోకకొస్తోంది. ఎక్కడో సముద్రాల అవతల కార్లలో పెట్టే వేలిగోరంత చిప్పులు చేసే ఫ్యాక్టరీ మూతపడింది, ఇక్కడ కార్లు రావడం ఆగిపోయింది. షోరూమ్‌లో మిగిలింది చూపించడానికి పెట్టిన ఒకే ఒక్క కారు. పొద్దున్నే దాన్ని తుడవడం, వచ్చినవాళ్లందరికీ దాన్నే చూపించి ఆశపెట్టి పంపడం, ఇదే బాబు ఉద్యోగమైపోయింది.

జనం మాత్రం ఏం చేస్తారు? గేర్లు లేని బండి తప్ప ముట్టనని భీష్మించుకున్న పళ్ల డాక్టరు, చివరికి గేర్ల బండి దొరికిందే చాలని తీసుకెళ్లాడు. పెద్ద కారు కోసం వచ్చిన బేకరీ యజమాని చిన్నదానితో సర్దుకున్నాడు. రెండో తాళంచెవి తర్వాత ఇస్తామన్నా కిక్కురుమనకుండా బండి తోలుకెళ్లినవాళ్లున్నారు. ఆపాటి ఓపిక కూడా లేనివాళ్లు ఎక్కడో పాత కారు కొనుక్కుని ఇక్కడి బుకింగ్ రద్దు చేసుకున్నారు. అలా రద్దులు ఎక్కువైన ఇద్దరు సేల్స్‌మన్లను మేనేజరు అప్పటికే ఇంటికి పంపేశాడు. ఇంకొక్క రద్దు వచ్చిందంటే మూడోవాడివి నువ్వేనని బాబుకు నెమ్మదిగానే చెప్పాడు. అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, మళ్లీ రద్దేమోనని బాబు ఉలిక్కిపడేవాడు.

అందరిలోకీ ఎక్కువ భయపెట్టింది ఎరుపడిగిన ఆయన, ఆయన భార్యే. మొదటిసారి వచ్చినప్పుడు ఇంత సులువైన బేరం జన్మలో చూడలేదనుకున్నాడు. ఆయన బ్యాంకులో పనిచేస్తాడు, ఆవిడ ఆస్పత్రి ల్యాబులో. ఒక్క కారుతో ఇద్దరికీ కుదరడం లేదు, రెండోది కావాలన్నారు. ఏ రంగైనా ఫరవాలేదు, ఏ మోడలైనా ఫరవాలేదు, అన్నిటికంటే ముందు వచ్చేది ఇప్పించండని ఆవిడ అడిగింది. ఆయన తలూపాడు. పని ముగిసింది.

ఆ తర్వాత కారు సంగతి కనుక్కోవడానికి సాయంత్రాలు వస్తుండేవారు. పొద్దున ఆయన్ని బ్యాంకు దగ్గర దించడం, సాయంత్రం ఎక్కించుకోవడం ఆవిడ పని. దారిలోనే షోరూమ్. మొదట్లో ఇద్దరూ గడియారం చూసుకుంటూ విసుగ్గా నిలబడేవారు. రానురాను దారిలో మొదలైన కబుర్లేవో లోపలిదాకా తెచ్చుకునేవారు. ఒకరోజైతే కాఫీ తాగి, బాబు పిల్లల చదువుల గురించి అడిగి, కారు ఊసే ఎత్తకుండా వెళ్లిపోయారు. ఎంత మర్యాదస్థులో అని బాబు మురిసిపోయాడు.

కానీ ఎదురుచూపు పెరిగేకొద్దీ వాళ్ల కోరికలూ పెరిగాయి. ఆయన ఎరుపన్న కొద్ది రోజులకే ఆవిడ ఫోన్ చేసింది.

“మా కారును పైన అద్దం తెరుచుకునే మోడల్‌కు మార్చండి.”

“మేడమ్, ఆ అద్దం తెరిచే మోటార్లే రావడం లేదు. ఏడాది పట్టినా పట్టొచ్చు.”

“పట్టనివ్వండి. ఆయనతో అనకండి.”

బాబు తల పట్టుకున్నాడు. ఊరంతా ఒక్కో మెట్టు దిగివస్తుంటే వీళ్లు ఎక్కిపోతున్నారు. ఇలా ఎక్కీ ఎక్కీ ఏదో ఒకరోజు విసిగి రద్దు చెయ్యమంటారు, తన ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే. ఆ భయానికి తోడు వాళ్ల మీద అభిమానం కూడా ఉంది. అందుకే కంపెనీ యార్డులో పనిచేసే తన భార్య అన్నగారి కాళ్లావేళ్లా పడ్డాడు. “బావా, నీ చెల్లెలి సంసారం రోడ్డున పడకూడదంటే ఎర్ర కారు, పైన అద్దం ఉన్నది, ఒక్కటి చూసిపెట్టు,” అన్నాడు. బావ నవ్వాడు గానీ వెతికాడు. వేరే ఊళ్లో ఎవరో వద్దన్న కారు అచ్చం అలాంటిదే దొరికింది.

ఆదివారం పొద్దున బాబు దాన్ని స్వయంగా నడుపుకుంటూ వాళ్లింటికి తీసుకెళ్లాడు. ముందుగా చెప్పలేదు. ఆనందంలో వాళ్ల మొహాలు చూడాలని అతని సరదా. గేటు లోపల ఇద్దరూ పాత కారు కడుగుతున్నారు. ఆవిడ గొట్టంతో కారు మీదికి బదులు ఆయన మీదికి నీళ్లు కొడుతోంది. ఎర్ర కారు ఆగగానే ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

నోట మాట రాలేదు పాపం అనుకున్నాడు బాబు. ఉత్సాహం ఆపుకోలేక, ఇచ్చిన మాటలు రెండూ గాలికొదిలేశాడు. ఎరుపు సార్ కోరిక, పైన అద్దం మేడమ్ కోరిక, ఎంత ఆలస్యమైనా సరేనని ఒకరికి తెలియకుండా ఒకరు తనకు చెప్పుకున్నారని, ఇప్పుడు రెండూ తీరాయని గడగడా చెప్పేశాడు.

ఆయన నీళ్లోడుతున్న చొక్కాతోనే ఆవిడ వైపు తిరిగాడు. “నువ్వెందుకు మార్చావు?”

“నువ్వెందుకు మార్చావో నేనూ అందుకే,” అంది ఆవిడ. కళ్లు తుడుచుకుని బాబును చూసింది. “ఏమీ అనుకోకండి. ఈ బుకింగ్ రద్దు చేసెయ్యండి.”

బాబుకు మేనేజరు మొహం కళ్లముందు మెదిలింది. “కారులో ఏం లోపముంది మేడమ్?” అనగలిగాడు ఎలాగో.

“కారులో ఏ లోపమూ లేదు,” అంటూ ఆవిడ తడి చేత్తోనే భర్త చెయ్యి పట్టుకుంది.

“ఈ కారు వచ్చేదాకే కలిసుందామనుకున్నాం.”