వెనక చూపు

"నల్ల కళ్లద్దాలు తియ్యి బాబూ. సొరంగం వచ్చేసింది, లైటెయ్యి," అన్నాడు వెనక సీట్లోంచి తవిటయ్య.

అల్లుడు నాగేంద్రబాబు అద్దాలూ తియ్యలేదు, లైటూ వెయ్యలేదు. పాట సౌండు మాత్రం పెంచాడు.

గోల్‌మురిలో ఇంటి ముందు కారెక్కిన దగ్గర్నుంచీ మామా అల్లుళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. నాగేంద్రబాబు చెల్లెలు గౌరీదేవి గృహప్రవేశానికి ప్రయాణం. ఆవిడకు పెట్టడానికి జుగ్సలాయి బజార్లో కొన్న ఎర్ర పట్టుచీర రంగు దగ్గర మొదటి గొడవ. స్పీడు దగ్గర రెండోది. ఘాట్ ఎక్కేటప్పుడు, ముక్కుతూ మూలుగుతూ వస్తున్న ఇనప కడ్డీల లారీలన్నిటినీ ఒక్క ఊపులో దాటేసిన దగ్గర మూడోది.

పైగా పెద్దాయనకో జబ్బు. కారెక్కితే ముందుకి చూడడు. మెడ తిప్పుకుని వెనకద్దంలోంచే చూస్తాడు.

"జిందగీ అంతా వెనక్కి చూస్తూ బతికినోడివి. ముందు దారి సంగతి నీకేటి తెలుసు మావా? చుప్‌చాప్ కూకో," అన్నాడు అల్లుడు.

కల్యాణి అటు తండ్రినీ అనలేక, ఇటు మొగుణ్నీ అనలేక, ఒళ్లో నిద్రపోతున్న కూతురు ఉజ్వల తల నిమురుతూ కూర్చుంది.

కొండ కింద కొత్తగా తొలిచిన సొరంగం అది. లోపల దీపాలు సగం వెలగడం లేదు. చీకటి ఎంత చిక్కగా ఉందంటే, గరిటెతో తోడి గిన్నెలో పోసుకోవచ్చు.

మొదటి మలుపు తిరిగారో లేదో, కారు దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. పాట పోయింది, ఏసీ పోయింది. నాగేంద్రబాబు ఇప్పుడు లైటు నొక్కితే అదీ వెలగలేదు. వెనక దీపాలూ అంతే.

దాటొచ్చిన లారీలు వెనక వస్తున్నాయి. మలుపు తిరిగితే గానీ వాటికి కారు కనబడదు. కనబడ్డాక బ్రేకు తొక్కినా ఆ బరువు ఆగదు. గుద్దితే కారు పప్పుగిన్నె మూతంత అవుతుంది.

"పిల్లని దించండి. గోడవారకి పొండి," అంటూ తవిటయ్య దిగాడు.

నాగేంద్రబాబు తన గాడీని వదిలి రానన్నాడు. బానెట్ ఎత్తి అందులోకి తల దూర్చాడు. కల్యాణి పిల్లను ఎత్తుకుని గోడ పక్కన గట్టెక్కింది.

తవిటయ్య డిక్కీ తెరిచాడు. చీర సంచి తీసి చంకన పెట్టుకున్నాడు. వచ్చిన దారినే, పరుగులాంటి నడకతో చీకట్లో కలిసిపోయాడు. కూతురి వైపు గానీ మనవరాలి వైపు గానీ తిరిగి చూడలేదు.

"చూశావా మీ అయ్యని? తన పేణం చాలు ఆయనకి. పోతూపోతూ నా చెల్లెలి చీర కూడా పట్టుకుపోతన్నాడు."

"మీరు ఇంజను సంగతి చూసుకోండి," అంది కల్యాణి. "వెనకనుంచి ఏ బండీ రాదు."

భయానికి పెళ్లాం మతి పోయిందనుకున్నాడతను. బ్యాటరీ తీగలు ఒక్కొక్కటే లాగి చూసి, వదులైనదాన్ని బిగించాడు. ఎక్కడో దూరంగా హారన్లు, తిట్లు. ఏ బండీ రాలేదు.

కారు స్టార్టయింది.

తన నసీబు అలాంటిదన్నాడు నాగేంద్రబాబు. ముసలాయన్ని అక్కడే వదిలేసి పోదామన్నాడు. కల్యాణి కారెక్కనంది. దాంతో పళ్లు నూరుకుంటూ, సెల్‌ఫోన్ లైటు వేసుకుని, మామగారిని దొరికిన చోటే నాలుగు దులపాలని మలుపు దాకా వెళ్లాడు.

మలుపు అవతల, బారులు తీరి ఆగిన లారీల ముందు, డ్రైవర్ల బూతులకి చెవైనా ఒగ్గకుండా, ఆ ఎర్ర పట్టుచీరని రెండు చేతులా చాచి పట్టుకుని నిలబడి ఉన్నాడు, నడిదారిలో రైలు ఆగిన ప్రతిసారీ వెనక్కి నడిచి వెళ్లి ఎర్రజెండా చూపిస్తూ ఉద్యోగమంతా గడిపిన గూడ్సుబండి గార్డు తవిటయ్య.