స్వాధీనమైన తుపాకి

"ఊపిరి బిగబట్టు. కన్ను చుక్క మీదనే ఉండాలె. వేలు కదలాలె, రూపాయి కదలొద్దు" అన్నాడు ఎజ్రా సార్.

రజిని బోర్లా పడుకుని ఉంది. తుపాకి మొదలు భుజానికి ఆనించి, కొస మీద రూపాయి బిళ్ళ పెట్టుకుంది. ఎదురుగా చర్చి వెనక గోడకు అతికించిన కాగితం, దాని మీద నల్ల చుక్క. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పోనీ అనుకుంది. ఆ రూపాయి మాత్రం ఇవాళ పడటానికి వీల్లేదు.

వచ్చే ఆదివారం నిజామాబాద్‌లో క్రీడా పాఠశాల వాళ్ళ ఎంపిక ఉంది. నెగ్గితే హాస్టలు, చదువు, తిండి అన్నీ ఉచితం. ఉన్న పన్నెండు మందిలోంచి సార్ ఒక్కరినే తీసుకుపోతాడు. ఆ ఒక్కరూ తానే కావాలని రజిని పట్టుదల. ఎందుకుండదు? పదో తరగతితో చదువు మాన్పించాలన్న మాట ఇంట్లో అప్పుడే మొదలైంది మరి.

ఎజ్రా సార్ పటాలంలో ఇరవై ఏళ్ళు చేసి, హవల్దారుగా రిటైరై కోటగిరి వచ్చాడు. కుదురుగా ఇంట్లో కూర్చునే మనిషా? కాదు. అమెరికాలో కొందరు పైసా తీసుకోకుండా సెలవు రోజుల్లో జనానికి తుపాకి నేర్పుతారనీ, మధ్య మధ్యలో తమ దేశ చరిత్ర చెబుతారనీ ఫోన్‌లో చూశాడు. ఇక ఆగుతాడా! ప్రతి ఆదివారం పొద్దున, ఆరాధనకు ముందు రెండు గంటలు క్లాసు పెట్టేశాడు. తుపాకులు ఊళ్ళో రైతు భోజన్న పంపుతాడు. తెల్లారేసరికి ఆయన ట్రాక్టరు వచ్చి గోడ పక్కన కట్ట దింపి పోతుంది.

"ఫైర్!"

పన్నెండు 'ఠాప్'లు ఒక్కసారే వినిపించాయి. పదకొండు రూపాయలు మట్టిలో పడ్డాయి. రజినిది పడలేదు.

"శభాష్ బిడ్డా! నిజామాబాద్‌కు నువ్వే" అన్నాడు సార్. రజినికి ఎగిరి గంతేయాలనిపించింది. "ఇగ తుపాకులు గోడకానిచ్చి కూసోండ్రి. చరిత్ర చెప్తా."

చరిత్ర అంటే అమెరికాదే. మన చర్చికి పునాది వేసిన దొరలు అక్కడినుంచే వచ్చారు, వాళ్ళ ముచ్చట మనకు తెలియొద్దా అంటాడు సార్.

"గప్పుడు అమెరికాను ఇంగ్లండు రాజు ఏలుతుండె. చాయ్‌పత్త మీద పన్ను ఏసిండు. జనానికి మండింది. ఓడెక్కి పెట్టెలకు పెట్టెలు చాయ్‌పత్త సముద్రంల పారేసిండ్రు."

"అయ్యో, మొత్తమా సార్?" అంది ఎస్తర్. వాళ్ళమ్మకు బస్టాండు దగ్గర చాయ్ కొట్టు ఉంది. పిల్ల నిజంగానే బాధపడింది.

అప్పుడే గేటు దగ్గర బండి ఆగింది. కానిస్టేబుల్ ఆత్మారాం దిగాడు. పిల్లలంతా బిక్కచచ్చిపోయారు.

"ఈడ తుపాకుల ట్రైనింగ్ నడుస్తున్నదని ఎవరో ఫోన్ చేసిండ్రు. నిజమేనా అన్నా?"

"నిజమే సార్" అని ఎజ్రా ఠక్కున సెల్యూట్ కొట్టాడు. "అగో, వరసగ పెట్టినం. సూడుండ్రి."

ఆత్మారాం పన్నెండింటినీ తేరిపార చూశాడు. ఆ మీసాల కింద ఉన్నది నవ్వో కోపమో రజినికి అంతుపట్టలేదు.

"లైసెన్సు?"

"వీటికి అక్కర్లేదు సార్."

"గది నువ్వు జెప్తే నడువదన్నా. మా ఎస్సై సార్ గరం మీదున్నడు. తుపాకి మాట వినబడితే చాలు, క్లాసు బంద్ పెట్టించి రమ్మన్నడు."

రజిని మనసులోనే తిట్టుకుంది. బందా? ఇంకొక్క వారం ఆగలేకపోయారా? ఆ ఫోన్ చేసినవాడి నోట్లో మన్ను పడ!

"కథ సగంల ఉంది సార్, అయిపోగొట్టి మాట్లాడుకుందాం" అని ఎజ్రా కుర్చీ వేశాడు. ఆత్మారాం కూర్చున్నాడు.

"రాజు సిపాయిలు ఒక దిక్కు, రైతులు ఒక దిక్కు నిలబడ్డరు. కాల్చుమని ఎవ్వరికీ హుకుం లేదు. అయినా ఒక తూటా పేలింది. ఎవరు పేల్చిండ్రో ఇయ్యాల్టికీ తెల్వది."

ఆత్మారాం ముందుకు వంగాడు. "తెల్వదా? మరి కేసు ఎవరి మీద రాసిండ్రు?"

"కేసేడిది సార్, లడాయే అయింది. ఎనిమిదేండ్లు నడిచింది."

"గందుకే మొదట్లనే పంచనామా చెయ్యాలె" అన్నాడు ఆత్మారాం సీరియస్‌గా.

పిల్లలు పకపకా నవ్వారు. రజినికి మాత్రం నవ్వు రాలేదు. లేచి నిలబడింది.

"సార్, వచ్చే ఐతారం నాకు నిజామాబాద్‌ల సెలెక్షన్ ఉంది. క్లాసు బందైతే నన్ను పంపరు సార్. మా ఇంట్ల సదువు బంద్ చేపిస్తరు." చెబుతూ చెబుతూనే ఏడ్చేసింది.

ఆత్మారాం ఆమె వంక చూశాడు. గోడ దగ్గరికి పోయి, ఒక్కొక్క తుపాకినీ చేత్తో ఎత్తి బరువు చూశాడు. అన్నిటిలోకీ లావుగా, నిండుగా ఉన్నదాన్ని ఎంచుకున్నాడు. అది రజినిదే.

"ఒకటి స్వాధీనం చేస్కుంటున్న. సాక్ష్యం కావాలె గద. బందో కాదో ఎస్సై సార్‌తోని మాట్లాడి చెప్త."

బండికి కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంకొక్కసారి బతిమాలితే వింటాడేమో! రజిని కాలువ గట్టు మీదుగా అడ్డదారిన పరుగెత్తింది. రొప్పుతూ కల్వర్టు దగ్గరికి చేరేసరికి బండి అక్కడే ఆగి ఉంది.

కల్వర్టు మీద కాళ్ళు జాపుకుని కూర్చున్న ఆత్మారాం, స్వాధీనం చేసుకున్న తుపాకిని పళ్ళతో చీల్చి, గణుపు తర్వాత గణుపు నమిలి, చెరుకు పిప్పి కాలువలోకి ఊస్తూ, "గాడ తుపాకులు గిపాకులు ఏం లెవ్వు సార్, సాక్ష్యం సుత ఏం దొరకలే" అని ఎస్సైకి ఫోన్‌లో చెబుతున్నాడు.